పొగ మాత్రం చాలు

బిందుమాధవిని కూచోబెట్టిన ప్లాస్టిక్ కుర్చీ వీపున ‘రైటర్’ అని కాగితం అంటించి ఉంది. రాసినావిడ పోయి చాలా ఏళ్ళయింది, ‘రాసినావిడ మేనకోడలు’ అని అంటించడానికి కుర్చీ వీపు సరిపోలేదు కాబోలు, పోనీలే, తనూ బొత్తిగా రాయనిదేం కాదు, కూతురు శ్రావ్యకి జ్వరం వచ్చినప్పుడల్లా స్కూలుకి సెలవు చీటీలు రాసింది, వాటిని చదివిన టీచరు ఎవరూ చివర మార్చమని అడగలేదు. ఈ సినిమావాళ్ళకి మాత్రం నవల చివర మార్చాలట. ఒక్క ‘సరే’ కావాలట. ఆ ఒక్క ముక్క కోసం అన్నం తిన్న చెయ్యి ఆరకుండానే ఇంటి ముందుకి కారు పంపి, అనకాపల్లి నుంచి బుచ్చయ్యపేట పక్కనున్న పుట్టింటి ఊరిదాకా తీసుకొచ్చి, పుట్టింటి చెరకుతోటలో, పుట్టింటి గానుగ ఎదురుగా, పుట్టినప్పట్నుంచీ తెలిసిన మట్టి మీద, ఊరు చూడ్డానికి వచ్చిన పరాయిదానికి వేసినట్టు కుర్చీ వేశారు. కొబ్బరిబోండాం ఇచ్చారు. గొడుగు పట్టారు, దాని నీడ ఆవిడ మీద కాకుండా పక్కనున్న పెద్ద లైటు మీద పడుతోంది, అదీ న్యాయమే, లైటు అద్దెకి తెచ్చింది, ఆవిడ ఊరికే వచ్చింది. జనరేటర్ డీజిలు కంపు తోటంతా కమ్మేసింది. మరిగే చెరకురసం పక్కనే కూచున్న మనిషికి ఆ రసం వాసన తగలకుండా చెయ్యడం మానవమాత్రుడి వల్ల కాదనుకునేది ఇన్నాళ్ళూ, సినిమావాళ్ళు వచ్చిన మొదటిరోజే చేసి చూపించారు.

తలుపులత్త రాసింది ఒక్కటే నవల, ‘పాకం దిగేవేళ’. రెండోది ఎందుకు రాయలేదని ఎవరడిగినా ‘సెప్పవలసింది అయిపోనాది’ అనేది, ఇంకా అడిగితే మజ్జిగ ఇచ్చి పంపేసేది. అందులో బుల్లమ్మ అని ఒకావిడ, తండ్రి పోయాక గానుగ తనే నడుపుతుంటుంది. పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చి ఏళ్ళ కిందట వెళ్ళిపోయిన నాతవరం మనిషి ఒక సాయంత్రం వచ్చి చెరకుతోట దారిలో నిలబడి, ‘నాతో వత్తావా’ అంటాడు. సరిగ్గా అప్పుడే పెనంలో పాకం ముదరడానికొచ్చింది. బుల్లమ్మ తెడ్డు తిప్పుతుంది. ముప్ఫై పేజీల పాటు తిప్పుతుంది. ఆ ముప్ఫై పేజీల్లో వాళ్ళమ్మ గాజులుంటాయి, ఒంటికన్ను ఎద్దు ఉంటుంది, పొగ ఏ పక్కకి తిరుగుతోందో ఉంటుంది, అతని కాళ్ళకున్న చెప్పులు కొత్తవా పాతవా అన్న ఆరా ఉంటుంది, పుట్టినప్పట్నుంచీ బుల్లమ్మ లోపల జరిగిందంతా ఉంటుంది, నోటివెంట మాత్రం ఒక్క మాట ఉండదు. పాకం దించి, తొట్టిలో పోసి, తలెత్తి చూసేసరికి దారిలో ఎవరూ లేరు. అంతే, నవల అయిపోయింది. చదివిన మొదటిసారి పుస్తకం వెనక అట్ట తిప్పి చూసింది బిందుమాధవి, పేజీలేమైనా ఊడిపోయాయేమోనని. ఇప్పుడది డిగ్రీ పిల్లలకి పాఠం. ‘బుల్లమ్మ త్యాగమూర్తి, నిరూపించుము’ అని గైడులో ప్రశ్న, కింద నిరూపణ కూడా ఉంటుంది, బుల్లమ్మ దేన్ని త్యాగం చేసిందో ఆ గైడు రాసినాయనకే తెలియాలి. కన్నకూతురు శ్రావ్య ఆ గైడు చదివే మార్కులు తెచ్చుకుంది. ‘మొత్తం బుక్‌లో ఒకావిడ బెల్లం వండుతుందంతే కదమ్మా’ అంది. అదిగో, సినిమా తీస్తామని వీళ్ళు వచ్చినప్పుడు తలూపడానికి కారణం ఆ మాటే, సినిమా చూశాకైనా ఎవరో ఒకరు అసలు పుస్తకం తీస్తారని, ఆ ఒకరిలో తన కూతురు కూడా ఉంటుందని. తలూపింది తనే కాబట్టి ఎవరిని చూసి ముఖం చిట్లించుకున్నా చివరికి అది అద్దంలోకే పోయి తగులుతుంది.

డైరెక్టరు నితీష్ మంచివాడే. అదే అసలు చిక్కు, చెడ్డవాడైతే తిట్టి పంపొచ్చు. మొదటిసారి ఇంటికొచ్చి కథ చెప్పిన రోజు పెసరట్లు ఐదు తిన్నాడు, నవల రెండుసార్లు చదివానన్నాడు, చదివాడు కూడా, ఒంటికన్ను ఎద్దు పేరు చెప్పాడు. తర్వాత గడ్డం గోక్కుని, ‘అంతా బావుంది మేడమ్, కానీ ఆ ముప్ఫై పేజీలు. ఆవిడ తిప్పుతుంటుంది. నేను కెమెరా ఎక్కడ పెట్టాలి?’ అన్నాడు. ఆరో అట్టు పెనం మీదుండగా అడిగాడు. మనిషి ముఖంలో పెడితే చెమటే కనిపిస్తుంది, పెనంలో పెడితే బెల్లమే కనిపిస్తుంది, గాజుల సంగతి, ఎద్దు సంగతి, ఆ చెప్పుల సంగతి ఎక్కడ కనిపిస్తాయి? వెధవ ప్రశ్న వేసుంటే బావుండును, న్యాయమైన ప్రశ్న వేసి మరీ కంపరం పుట్టించాడు. అట్టు మాడింది. ఆ కెమెరా పెట్టే చోటు దొరక్క అప్పట్నుంచీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. బుల్లమ్మ మనసులో మాటలు పైనుంచి వినిపించడానికి ఒక గొంతు వచ్చింది, అది హైదరాబాదులో వార్తలు చదివే గొంతులా ఉంది. ఆ గొంతు బోరు కొడుతోందని తీసేసి కలలో పాట పెట్టారు. పాటలో నాతవరం మనిషి ఊరికే వస్తే హీరో ఒప్పుకోడు కాబట్టి అతను మారువేషంలో ఉన్న పోలీసాఫీసరయ్యాడు. పోలీసాఫీసరుకి పని ఉండాలి కదా, చెరకుతోట వెనక గంజాయి మూటలు మొలిచాయి. ఒంటికన్ను ఎద్దు పోయింది, జంతువులుంటే అనుమతులు పెద్ద తలనొప్పట. పేరు ‘పాకం’, దాని కింద ‘ఇట్స్ బాయిలింగ్’. తలుపులత్త సినిమా పేరు కిందున్న ఆ ముక్క చదివితే ఏమనేదో ఊహించుకుని, ఆ ఊహకి ఒక్కర్తీ వంటింట్లో నవ్వుకుంది గానీ, నవ్వు సగంలోనే చేదైంది.

అన్నిటికీ ఊఁ కొట్టింది. ఒక్కటే పట్టు పట్టింది, మొదట్లోనే నోరు తెరిచి అడిగి ఒప్పందంలో ఒక్క వాక్యం వేయించింది, చివర మార్చాలంటే ఆవిడ నోటి మాట కావాలని. అందుకే ఈ కుర్చీ, ఈ బోండాం. కొత్త చివరేమిటంటే, అతను ‘నాతో వస్తావా’ అనగానే బుల్లమ్మ తెడ్డు విసిరేసి, పాకాన్ని పొయ్యి మీద వదిలేసి, చెరకుతోట మధ్య దారంట పరిగెత్తాలి. జుట్టు ముడి ఊడాలి. దారి పొడుగునా పట్టాలు వేసి, ఆ చివర కెమెరా పెట్టి, దానికి ఇంకా అవతల డేరా వేసుకుని, మానిటరు ముందు కూచున్నాడు నితీష్. ఇందాక వచ్చి అంతా వివరంగా చెప్పాడు కూడా. ‘గానుగ ఫ్రేములో ఉండదు మేడమ్. దారి, వెనకాల పొగ, పొగలోంచి ఆవిడ వస్తుంది. పొగ మాత్రం చాలు.’ పొగ మాత్రం చాలు! పొద్దున్నుంచీ మండుతున్న పొయ్యి, అందులో ఎగదోస్తున్న పిప్పి, ఆడి ఆడి వేడెక్కిన క్రషరు, ఒక పెనం నిండా రసం, మూడు మళ్ళ చెరకు, వీటన్నిటి పనీ పొగ వెయ్యడం. సాంబ్రాణి కడ్డీ వెలిగించుకుంటే పోయేది.

పక్క కుర్చీలో మొగుడు త్రినాధరావు చెరకుముక్క నములుతున్నాడు. బెల్లం మార్కెట్లో కొట్టు ఆయనకి. పాటలో హీరో వెనకాల బెల్లం దిమ్మలు దింపే దృశ్యంలో ఆ కొట్టు బోర్డు కనబడుతుందని మాటిచ్చారు, అప్పట్నుంచీ ఆయనకి ఈ నవల మీద అపారమైన గౌరవం. పట్టుచీర కట్టుకోమని ఆయనే పట్టుబట్టాడు, ఫొటోలు తీస్తారని.

‘ఒక ముక్క సరే అనేస్తే పోలేదేటే,’ అన్నాడు, పిప్పి పక్కకి ఉమ్మి.

‘దేనికి సరే?’

‘పరిగెట్టడానికి. సినిమాలో అందరూ పరిగెడతారు. పోలీసులు పరిగెడతారు, దొంగలు పరిగెడతారు, నీ బుల్లమ్మ కాళ్ళేమైనా అరిగిపోతాయా?’

‘పాకం మాడిపోతుంది.’

‘సినిమా పాకమే అది, మాడితే ఏటి?’ అని, తను ముప్ఫై ఏళ్ళుగా పాకం మాడిన దిమ్మని ముక్కుతో పట్టేసి వెనక్కి పంపే వ్యాపారినని గుర్తొచ్చినట్టుంది, కాస్త ఆగి, ‘అంటే, నిజానికి మాడకూడదనుకో’ అన్నాడు. ఈయన్ని అసహ్యించుకోవడానికి కూడా ఓపిక కావాలి, ఉన్న ఓపిక డైరెక్టరుకే సరిపోవడం లేదు.

ఒకసారి తలుపులత్త ఉప్మాక గుడికి తీసుకెళ్ళింది, వెంకన్న దర్శనమయ్యాక మెట్ల మీద కూచుని పులిహోర తింటూ, అప్పటికి డిగ్రీ రెండో ఏడులో ఉన్న బిందుమాధవి, క్లాసులో మాస్టారు మెచ్చుకున్న తెలివంతా తెచ్చి అత్త ముందు పరిచింది. బుల్లమ్మ ఎందుకు వెళ్ళలేదత్తా, పిరికిదా, లోకానికి భయపడిందా, నువ్వు ఆవిణ్ణి వెళ్ళనివ్వాల్సింది. అత్త మెతుకు మెతుకూ ఏరి తింటూ అంతా విని, ‘పాకం దిగతంటే ఎవులైనా ఎల్తారేటోలె?’ అంది. ‘ఆడు ఓ గంట ఆగలేకపోనాడు. అది నీకు అగుపడదు గావాల.’ నిజమే, అగుపడలేదు. మాస్టారికీ అగుపడలేదు, గైడుకీ అగుపడలేదు. అంతకు చాలాకాలం ముందే ఒకసారి సినిమావాళ్ళు వచ్చారట, అంబాసిడర్ కారులో, చివర్లో పెళ్ళి పెట్టమని. అత్త వాళ్ళకి తాటాకు మీద వేడి బెల్లం పెట్టి పంపేసిందట, గానుగ దగ్గరికొచ్చినవాణ్ణి ఉత్తనోటితో పంపకూడదు, శత్రువైనా సరే, అది ఈ ఊరి పద్ధతి. ‘మళ్ళీ వత్తారు, నాను ఉండను. సినిమాకి అంతా ఇచ్చీ, బిందూ. పేరు ఇచ్చీ, మనుసుల్ని ఇచ్చీ. ఆ సివర మాత్రం ఇయ్యకు.’ పులిహోర నూనె చేతిని మేనకోడలి పరికిణీకి తుడుచుకుంటూ చెప్పింది, అంత పెద్ద మాట అలా చెప్తే మాటని ఎవరనుకుంటారు. ఆ తర్వాత పెళ్ళి, అత్తారిల్లు, వంటిల్లు. ఉదయం పాలు పొంగే వేళకే ఫోను మోగుతుంది, తాలింపు వేగే వేళకే ఎవరో ప్రాణం పోయే ప్రశ్న అడుగుతారు, అమ్మా నేను ఆ కాలేజీలో చేరనా వద్దా, ఏమే ఆ స్థలం కొననా మాననా, జవాబు చెప్పేలోపు ఆవాలు మాడతాయి, ఆవాలు చూసుకునేలోపు అడిగినవాళ్ళు వెళ్ళి తమకి తోచింది చేసేస్తారు, ‘నువ్వేం మాట్లాడలేదు కదా’ అంటారు. ఎన్నోసారో, ఏ పొయ్యి ముందో, తాలింపు గరిట చేతిలో ఉండగా అత్త నవల మొత్తం అర్థమైంది. అర్థమైందని చెప్పడానికి అత్త లేదు.

బుల్లమ్మ వేషం వేస్తున్న పిల్ల, సుప్రియ, పెనం పక్కన నిలబడి ఉంది. ఒకమ్మాయి సీసాతో ఆ పిల్ల నుదుటి మీద చెమట కొడుతోంది. నిప్పుకి రెండు బారల దూరంలో నిలబడ్డ మనిషికి చెమట సీసాలో తెచ్చారు. ఇందాక ఆ పిల్ల మాత్రం దగ్గరికొచ్చి మెల్లిగా ఒక మాట అడిగింది, ‘ఆంటీ, తిప్పుతున్నంతసేపూ ఆవిడ ఏమాలోచిస్తుంది? ఒక్క లైన్లో చెప్తారా?’ ఒక్క లైన్లో. ముప్ఫై పేజీల్ని. బుల్లమ్మకి అటు పక్క చిన్నారావు మావ. పాకం పదును చూడ్డంలో చుట్టుపక్కల పేరున్న మనిషి, వరసకి మేనమామ. నెత్తికి ఎరుపూ పసుపూ చారల తలపాగా చుట్టారు, ఈ జిల్లాలో ఎవడూ ఎన్నడూ చుట్టని తలపాగా. అది పెట్టుకున్న దగ్గర్నుంచీ పెళ్ళికొడుకులా మెడ బిగదీసి నిలబడ్డాడు, పెనం వైపు చూడ్డం మానేసి కెమెరా ఉన్న వైపే చూస్తున్నాడు, అదేమో మలుపు అవతల చెరకు చాటున ఉంది.

మైకు గరగరమంది. ‘మేడమ్, లైట్ పోతోంది. ముందు కెమెరా రోల్ చేసేస్తాం, మీరు సరే అనగానే యాక్షన్ చెప్తా. ఒక్క మాట మేడమ్.’ మైకు పట్టుకున్నవాడు చెరకు అవతల కనబడడు, గొంతు మాత్రం తోటంతా ఉంది. సుప్రియ పావడా ఎత్తి దోపుకుంది, పరిగెత్తడానికి. త్రినాధరావు ‘అను, అను’ అన్నట్టు మోచేత్తో పొడిచాడు. ఇంతలో గాలి తిరిగి, డీజిలు కంపు అటు పోయి, మొట్టమొదటిసారి పెనం వాసన ముక్కుకి తగిలింది. తియ్యదనం చివర చిన్న మాడు ముల్లు. కళపెళమని పొంగిన నురగ ఎప్పుడో అణిగిపోయి, గుప్పు... గుప్పు... అని బరువుగా ఊపిరి తీస్తోంది పెనం. ఇది ఆగదు, ఇంకో రెండు ఊపిర్లు తీస్తే బెల్లం కాదు, బొగ్గు.

‘మావా! పాకం!’

చిన్నారావు కళ్ళు మాత్రం ఇటు తిప్పాడు. పెదవులు కదపకుండా, ‘కట్ అనీదాకా కదలొద్దన్నారమ్మా’ అన్నాడు. తెలుసు ఆయనకి. వాసన ఆయన ముక్కుకి ఎప్పుడో తగిలే ఉంటుంది. తెలిసీ నిలబడ్డాడు, తలపాగా కోసం. ఇంతసేపూ పోగుపడ్డ ఏవగింపంతా ఒక్క ఉదుటున గొంతులోకి వచ్చి, వస్తూ వస్తూ పుట్టింటి భాషలోకి తిరిగింది.

‘పాకానికి తెలుసేటి మావా, కట్ అంటే? లాగండి మంట! దించండి! సూత్తారేటి?’

లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. ‘రైటర్’ అన్న మాట మట్టిలోకి బోర్లా పడింది. ఎవరి చేతులు ముందు కదిలాయో తెలీదు, పెనం కడియాల్లో కర్రలు దూరాయి, నలుగురు పట్టారు, చిన్నారావు తలపాగా ఊడి పిప్పిలో పడింది, పెనం పొయ్యి మీంచి లేచి, ఊగి, తొట్టి అంచుకి ఒరిగింది, పాకం జారింది, తెడ్డు ఎవరిదో గాని ఆవిడ చేతిలో ఉంది, పట్టుచీర కొంగు నడుముకుంది. తిప్పాలి, తొట్టిలో పడ్డాకే అసలు తిప్పడం, అడుగు పట్టకుండా, గడ్డ కట్టకుండా, ఒకే వైపు, ఒకే ఊపున. భుజం గుర్తుపట్టింది, పరికిణీ రోజుల భుజం, అత్త వెనక నిలబడి ‘ఇంకా ఎంతసేపత్తా’ అన్నప్పటి భుజం. మైకు అడుగుతూనే ఉంది, మేడమ్ సరేనా, వినబడుతోంది, చాలా బాగా వినబడుతోంది, జవాబు కూడా నోటి దాకా వచ్చింది, తెడ్డు అటు పోతోంది, కొంగు మీద నిప్పురవ్వ పడి చిల్లయింది, ఈ చీర శ్రావ్య బారసాలకి కొన్నది, శ్రావ్య బారసాలకి అత్త రాలేదు, అప్పటికే మంచం పట్టింది, మంచం మీద కూడా అడిగింది, ఈ ఏడు పాకం ఎర్రగా దిగిందా పచ్చగా దిగిందా అని, మేడమ్ ఎస్ ఆర్ నో, ఇది ఎర్రగానే దిగింది, కాస్త ఎక్కువ ఎరుపు, ఈయన ముక్కు పట్టేస్తుంది, గ్యాస్ కట్టేసిందా, కారు హారన్ కొట్టాడు, పాలగిన్నె దించింది, స్టవ్ నాబ్ తిప్పిందా, తిప్పినట్టే ఉంది, తిప్పినట్టు చెయ్యికి గుర్తుంది కానీ చెయ్యి అబద్ధమాడుతుంది, అత్తా, వాళ్ళు మళ్ళీ వచ్చారు, అంతా ఇచ్చేశాను, ఎద్దుని కూడా కాపాడలేకపోయాను, మేడమ్ లైట్ పోతోంది, పోతే పోనీ, చిక్కబడుతోంది, ఇప్పుడు ఆగితే ఇదంతా రాయైపోతుంది, మేడమ్, మేడమ్, తిప్పు, తిప్పు.

తలెత్తేసరికి పొద్దు తాటిచెట్ల వెనక్కి దిగిపోయింది. మైకు ఎప్పుడు ఆగిందో తెలీదు. త్రినాధరావు నోట్లో చెరకుముక్క అలాగే ఉంది. సుప్రియ దోపుకున్న పావడా వదిలేసి తొట్టి పక్కన గొంతుక్కూచుంది, ముఖం మీద సీసా చెమట కడిగేసి అసలు చెమట కారుతోంది. ‘ఆంటీ,’ అంది మెల్లిగా, ‘ఇంతసేపూ ఏమాలోచించారు?’

బిందుమాధవి తెడ్డు ఆనించింది. ‘ఇంట్లో గ్యాస్ కట్టేశానో లేదో అని,’ అంది. ఆ పిల్ల నవ్వలేదు. అర్థమైనట్టు, చాలా నెమ్మదిగా తలూపింది.

నితీష్ దారంట నడుచుకుంటూ వచ్చాడు, పాపం చెప్పులనిండా మట్టి. ‘ఏమైంది మేడమ్, నేను అడుగుతూనే ఉన్నా.’

‘వినబడింది బాబూ. ఇక్కడ నువ్వేం చూడలేదా?’

‘ఇక్కడ ఫ్రేములో లేదు కదా మేడమ్. నేను మానిటర్ చూస్తున్నా. రోలింగ్‌లోనే ఉంది, దారి ఒక్కటే ఉంది. దారి, పొగ, ఎండ పోవడం. చూసీ చూసీ... ఎవరూ రాలేదు.’

దారి. పొగ. ఎవరూ రాలేదు. ముప్ఫై పేజీల అవతల, ఆ నాతవరం మనిషి నిలబడి చూసింది అదే కదా. బుల్లమ్మ ముఖంలోనూ కాదు, పెనంలోనూ కాదు, కెమెరా పెట్టాల్సింది అక్కడే, పెట్టాడు కూడా, ఐదు పెసరట్లు తిన్న రోజు నుంచీ వెతుకుతున్న చోట తెలియకుండానే నిలబెట్టేశాడు. ‘బాబూ, అది ఉంచావా? ఆ ఖాళీ దారి?’

‘అయ్యో, వేస్ట్ ఫుటేజ్ మేడమ్,’ అన్నాడు నితీష్, ఆవిడ బాధపడుతోందనుకుని ఓదార్పుగా. ‘డిలీట్ చేయించేశా. రేపు మళ్ళీ పెట్టుకుందాం. మీరు రాత్రికి ఆలోచించి సరే అనండి.’

‘ఆలోచించేది లేదు. ఆవిడ పరిగెత్తదు. నేను సరే అనను.’

‘ఏటే!’ అన్నాడు త్రినాధరావు వెనకనుంచి. ఎవరూ వినిపించుకోలేదు.

‘మరి ఏం చేస్తుంది మేడమ్?’ అన్నాడు నితీష్. నిజంగానే అడిగాడు, గడ్డం గోక్కుంటూ.

ఆవిడ తాటాకు ముక్క చించి, తొట్టి అంచు మీంచి వేడి బెల్లం ఇంత తీసి వేసి, చేతికిచ్చింది. ‘తిను. గానుగ దగ్గరికొచ్చి ఉత్తనోటితో పోకూడదు.’ అతను వేలు కాల్చుకుని, ఊదుకుని, నోట్లో వేసుకుని కళ్ళు పెద్దవి చేశాడు.

‘సూపర్ మేడమ్! దీంట్లో ఏం కలుపుతారు?’

‘కలిపేదేముంది?’ అంది బిందుమాధవి, కొంగున పడ్డ చిల్లులోంచి వేలు దూర్చి చూసుకుంటూ. ‘రసం మరుగుతుంటే పైకి మడ్డి తేలుతుంది. అది తీసి పారేస్తుంటాం.’